కొన్న పిండి

ఆమదాలవలస,
జూలై 9.

దుర్గక్కా,

నీ కొట్టు నుంచి పంపిన పెట్టె చల్లగా అందింది. రోజూ మీ విజయనగరం ఆఫీసుకి రైల్లో వెళ్ళొచ్చే మా వీధి గంగరాజు గారు స్టేషన్ నుంచి తిన్నగా తెచ్చి గుమ్మంలో పెట్టారు. ఖాళీ థర్మోకోల్ పెట్టెలో ఈ ఉత్తరం పెట్టి ఆయన చేతే వెనక్కి పంపుతున్నాను. ఈ కాలంలో ఉత్తరమేమిటని నవ్వకు. మా అత్తగారికి చెవుడు కాబట్టి ఈ ఇంట్లో ఎవరికి ఫోనొచ్చినా స్పీకర్లో పెట్టాల్సిందే. వాట్సాప్ అంటావా, నా నంబరుకే కిరాణా ఆర్డర్లు కూడా వస్తాయి. కింద కొట్లో గుమాస్తా దగ్గర్నుంచి మా ఆయన దాకా అందరూ చదివేవాళ్ళే. పెద్దమ్మ కూతురితో నాలుగు మాటలు చెప్పుకోవాలంటే ఇదొక్కటే దారి.

అసలు సంగతికి వస్తాను. నీ పిండి షీట్లు పనికిరావక్కా. మా దీపిక డిగ్రీ పాసైందని దాని స్నేహితురాళ్ళు పదిమంది వస్తున్నారంటే, బేకరీలో దొరికే పఫ్‌లు ఇంట్లోనే చేసిపెడదామని సంబరపడ్డాను. ప్యాకెట్ విప్పితే పిండి అట్టముక్కలా బిగుసుకుని ఉంది. ఇదేం పిండి అనుకుని, చేతికి నూనె రాసుకుని పూరీ పిండిలా మర్దించి, ఉండలు చేసి, అప్పడాల కర్రతో పల్చగా ఒత్తాను. మధ్యలో వేడివేడి కూర పెట్టి మడిచి ఓవెన్లో పెట్టాను. పొంగలేదు సరికదా, రాళ్ళలా తయారయ్యాయి. మా ఆయన ఒకటి కొరికి దవడ పట్టుకుని, "ఏటే ఇది, తినడానికా, గోడ కట్టడానికా?" అన్నారు. పిల్లలు పాపం మర్యాద కోసం నమిలారు.

నువ్వు సులువు సులువు అన్నావు. ఏది సులువు? కనుక్కుని రాయి.

భాగ్యవతి


విజయనగరం,
జూలై 13.

ఒసే భాగ్యం,

నీ ఉత్తరం కొట్లో నిలబడి చదివి పగలబడి నవ్వాను. గిరాకీలు నాకేదో పట్టిందనుకున్నారు. ఇరవై ఏళ్ళుగా బేకరీ సామాన్లు అమ్ముతున్నాను, పఫ్ షీటుని పూరీ పిండిలా పిసికిన మనిషిని నేనింతవరకూ చూడలేదు. నీకు పిండి కనబడితే చాలు, పిసకాలి. మీ అత్తవారింట్లో నేర్పిన విద్య అది.

ఒసే, ఆ షీటు లోపల పిండి ఒక పొర, కొవ్వు ఒక పొర, అలా వంద పొరలుంటాయి. ఎవరో మిషను మీద కష్టపడి వేసిన పొరలన్నీ నువ్వు రెండు నిమిషాల్లో పిసికి కలిపేశావు. దాన్ని ముట్టుకోకూడదు. ఇక్కడ నీ ప్రతాపం ఏమీ అక్కర్లేదు, అదే దాని సులువు.

విను. ముందు రోజు షీటుని ఫ్రిజ్ పైనున్న ఐసు అరలోంచి తీసి కింది అరలో పెట్టు. నెమ్మదిగా మెత్తబడుతుంది. పిసక్కు, ఒత్తకు, పదునైన కత్తితో చతురస్రాలుగా కొయ్యి. లోపలికి కూర కాదు, క్రీములాంటిది పెట్టు. వెన్నలో చెంచాడు మైదా వేయించి, పాలు పోసి ఉండకట్టకుండా తిప్పు. నానబెట్టిన జీడిపప్పు ముక్కలు మెత్తగా రుబ్బి అందులో కలుపు. పలాస పక్కనే పెట్టుకుని మీకు జీడిపప్పుకేం కరువు? ఉడికించిన మొక్కజొన్న గింజలు, చిదిమిన పనీరు, మిరియాల పొడి, ఉప్పు, కొత్తిమీర. పూర్తిగా చల్లారాకే పెట్టు. వేడిది పెడితే కింది పొర తడిసి చస్తుంది. అంచులు నీళ్ళతో తడిపి అతికించి, ఫోర్కుతో నొక్కు. బేకరీల్లో పైన గుడ్డు పూస్తారు, మీ ఇంట్లో పనికిరాదు కనక పాలు పుయ్యి. ఓవెన్ ముందే రెండొందల డిగ్రీలు వేడెక్కి ఉండాలి. ఇరవై నిమిషాలు, బంగారు రంగు వచ్చేదాకా.

ఇంకో మాట. నీ అక్షరాలేమిటే కోడి గెలికినట్టున్నాయి? బడిలో చేతిరాతకి ప్రైజు కొట్టినదానివి. కాస్త కుదురుగా కూర్చుని రాయి.

దుర్గాభవాని


ఆమదాలవలస,
ఆగస్టు 19.

దుర్గక్కా,

పొంగాయి! ఒక్కొక్కటీ రెండంగుళాలు పొంగింది. ఓవెన్ అద్దం ముందు స్టూలు వేసుకుని ఇరవై నిమిషాలూ కదలకుండా చూశాను. పొరలు ఒక్కొక్కటీ విడిపోతుంటే దీపికని కేకేశాను. అది వచ్చి, "అమ్మా, ఊపిరి తీసుకో" అంది.

మొన్న వరలక్ష్మీవ్రతం పేరంటానికి ఎనభై చేశాను. దేవుడి నైవేద్యాలు మామూలే, ఇవి మాత్రం సాయంత్రం పేరంటాళ్ళకి పళ్ళేల్లో సర్దాను. కొన్ని మూడు మూలలుగా మడిచాను, కొన్ని గిన్నెల్లా చేసి క్రీము నింపాను. పావుగంటలో ఒక్కటి మిగల్లేదు. బంగారం కొట్టు వాళ్ళ కోడలైతే రుమాల్లో రెండు చుట్టుకుంది. నేను చూడనట్టు ఊరుకున్నాను.

ఒక్కటే జరక్కూడనిది జరిగింది. మా ఆయన అక్కగారు రాజకుమారి వదిన శ్రీకాకుళం నుంచి వచ్చింది కదా. వర్తక సంఘం మహిళా విభాగానికి ఈ ఏడాది ఆవిడే అధ్యక్షురాలు. ఎవరో, "ఈ పొరలెలా వచ్చాయండీ?" అని అడిగారు. నేను నోరు తెరిచేలోపు వదిన అందుకుని, "మా మరదలు సేత్తోనే పొర మీద పొర ఒత్తినాది. కొన్న పిండి మా గడప తొక్కదు. ఇరవై ఏడేళ్ళనుంచి మా ఇంటి పిండివంటలన్నీ దీని సేతివే" అంది. అందరూ నా చేతులవైపు చూశారు. ఒకావిడ నా చెయ్యి పట్టుకుని కళ్ళకద్దుకున్నంత పని చేసింది.

నేను నవ్వి ఊరుకున్నాను. అప్పుడే చెప్పాల్సింది. ఎందుకు చెప్పలేదో ఇప్పటికీ అర్థం కావడం లేదు. ఖాళీ ప్యాకెట్లు వదిన కంటబడకుండా మూటగట్టి చెత్తబండిలో వేశాను.

భాగ్యవతి


విజయనగరం,
ఆగస్టు 24.

ఒసే భాగ్యం,

శభాష్! ఎనభై పఫ్‌లు ఒక్కదానివే చేశావంటే నాకు గర్వంగా ఉంది. ఇంక ఆ ఏడుపెందుకు? మీ వదిన చెప్పింది, జనం నమ్మారు, నీ పఫ్‌లు తిన్నారు. ఎవరికి నష్టం?

నీకొకటి చెప్తాను. చేత్తో చేశామని చెప్పుకునే ఇళ్ళకి సగం సరుకు నా ఫ్రీజర్లోంచే వెళ్తుంది. సమోసా పట్టీలు, పిజ్జా రొట్టెలు, నీ షీట్లు. పెద్ద పెద్ద ఇళ్ళ ఆడవాళ్ళు మధ్యాహ్నం వేళ వచ్చి, ప్యాకెట్ మీద పేరు చింపించుకుని మరీ పట్టుకెళ్తారు. ఎవరెవరో నేను చెప్పను. కొట్టు పెట్టినరోజునుంచీ అది నా నియమం. నువ్వూ అలాగే ఉండు. పిండి ఎక్కడిదని పోలీసులు వచ్చి అడగరు.

ఈసారి బచ్చలికూర క్రీముతో చేసి చూడు. ఆకు ఉడికించాక నీళ్ళు గట్టిగా పిండెయ్యాలి.

దుర్గాభవాని


ఆమదాలవలస,
అక్టోబరు 30.

దుర్గక్కా,

నీకు రెండు సంగతులు చెప్పాలి. ఒకటి జరిగింది, రెండోది నేను దాచింది.

జరిగింది ఇదీ. నవంబరు 24న సంఘం వాళ్ళ కార్తీక వనభోజనాలు కళింగపట్నం దగ్గర సరుగుడు తోటలో. మా వదిన ఆహ్వానపత్రం అచ్చు వేయించి తెచ్చింది. అందులో ఇలా ఉంది: 'మధ్యాహ్నం 3 గంటలకు పొరల పఫ్ పిండిని చేతితో చేసే విధానం. ప్రదర్శన: శ్రీమతి భాగ్యవతి ఉమాపతి.' నన్ను అడగలేదు. నేను బిత్తరపోతే, "నీకేటి కష్టం? రోజూ సేసిందే కదా. రెండు వందలమంది సూస్తారు, మన ఇంటి పేరు నిలబెట్టు" అంది. మా ఆయన పత్రం తీసుకుని కొట్లో గల్లాపెట్టె పైన అతికించారు. వచ్చినవాళ్ళందరికీ చూపిస్తున్నారు.

ఇక దాచింది. నా చేతులు పాడయ్యాయక్కా. రెండేళ్ళ నుంచీ. పిండి పిసికినా, పాకం తిప్పినా మణికట్టు దగ్గర మొదలై మోచెయ్యి దాకా నిప్పు పాకినట్టు లాగుతుంది. బొటనవేలు మొద్దుబారిపోతుంది. నా అక్షరాలు కోడి గెలికినట్టున్నాయన్నావు చూడు, అందుకు. వేసవిలో శ్రీకాకుళంలో డాక్టరుకి చూపించుకున్నాను. మా వాళ్ళతో కళ్ళకి అని చెప్పి వెళ్ళాను. "ఇలాగే ఇంకో ఏడాది పిసికారంటే గ్లాసు కూడా పట్టుకోలేరు" అన్నాడాయన. చేతులకి పట్టీలు రాసిచ్చాడు. అవి బీరువాలో చీరల కింద ఉన్నాయి.

నేను నీ షీట్లు అడిగింది సరదాకి కాదు. పిసక్కుండా వండగలిగేది ఏదైనా ఉందా అని వెతుక్కుంటూ అడిగాను. అలవాటుకొద్దీ దాన్నీ పిసికాను, అది వేరే సంగతి.

ఇంట్లో చెప్పకపోవడానికి కారణం నీకు తెలుసు. నేను ఈ ఇంటికి వచ్చిన మొదటి ఏడాది అరిసెలు చేస్తే, మా మామగారు తిని, "ఈ సేతులకోసమే తెచ్చుకున్నాం" అన్నారు. అప్పుడు పొంగిపోయాను. ఇప్పుడు ఆ మాట గుర్తొస్తే భయమేస్తుంది. చేతులు పోతే నేనెందుకు వీళ్ళకి?

ఆలోచించాను. 24న ఆ తోటలో పిండి పిసకను. అందరి ముందూ ప్యాకెట్ చూపిస్తాను. పన్నెండు ప్యాకెట్లు కావాలి. ఈసారి పేరు చింపకు.

భాగ్యవతి


విజయనగరం,
నవంబరు 4.

భాగ్యం,

రెండేళ్ళా? రెండేళ్ళనుంచీ నొప్పి పడుతూ నాకు పొంగిన పఫ్‌ల గురించి రాస్తున్నావా? నేను నీ చేతిరాత మీద జోకులేస్తే చదువుకుని ఊరుకున్నావా? నా మీద నాకే అసహ్యమేసింది. నీ మీద అంతకన్నా కోపంగా ఉంది.

కానీ నువ్వు చేస్తానన్న పని మాత్రం చెయ్యకు. నా మాట విను. ఆరోజు జ్వరమని చెప్పు. లేకపోతే నేనే పిండి కలిపి, పొరలు వేసి, గుడ్డలో చుట్టి పంపిస్తాను. నువ్వు పైపైన కర్ర ఆడించు, జనం చప్పట్లు కొడతారు. చేతుల సంగతి తర్వాత నెమ్మదిగా మీ ఆయనకి ఒక్కడికే చెప్పుకోవచ్చు.

నా స్వార్థం కూడా దాచను. నువ్వు రెండు వందలమంది ముందు నా ప్యాకెట్ ఎత్తి పట్టుకుంటే, ఆ రెండు వందలమందిలో నా దగ్గర చాటుగా కొనేవాళ్ళు ముప్పై మంది ఉంటారు. పక్కనున్నవాళ్ళు అనుమానంగా చూస్తారని మళ్ళీ నా కొట్టు మెట్లెక్కరు. ఆయన పోయాక ఆ ఫ్రీజర్లు పెట్టుకుని ఒక్కదాన్నీ నిలబడ్డాను. నీ నిజం నీకు ముద్దే, నా కొట్టు నాకు ముద్దు కదా.

ప్యాకెట్లు పంపుతున్నాను. పేర్లు చింపేశాను.

దుర్గాభవాని


ఆమదాలవలస,
నవంబరు 11.

అక్కా,

పేర్లు చింపిన ప్యాకెట్లు నాకొద్దు. పెట్టె అలాగే వెనక్కి వస్తోంది, ఐసు కరక్కముందే ఫ్రీజర్లో పెట్టుకో.

జ్వరమని ఒకసారి చెప్పొచ్చు. ఆ తర్వాత? భరణి సీమంతం ఉంది. మా వదిన కూతురు కదా, అరిసెలు నేనే చెయ్యాలి. తర్వాత సంక్రాంతి, తర్వాత దీపిక పెళ్ళి. ప్రతిదానికీ జ్వరం తెచ్చుకోవాలా? మా ఆయనకి ఒక్కడికే చెప్పమన్నావు. మొన్న చెప్పానక్కా. నొప్పిగా ఉందండీ అన్నాను. "పెద్దదానివవుతున్నావు, మందు రాసుకో" అని పేపరు తిప్పారు. నలుగురి ముందు చెప్తే తప్ప ఈ ఇంట్లో నా మాట మాటలాగా వినబడదు.

నీ గిరాకీలు ఎవరో నాకు చెప్పొద్దు. వాళ్ళలో మా వదిన కూడా ఉందేమోనని నాకొకసారి అనిపించింది. ఉన్నా సరే, రాయకు. తెలిస్తే అది పట్టుకుని ఆవిడ నోరు మూయించాలనిపిస్తుంది. నాకలా గెలవాలని లేదు. కొన్న పిండితో వండటం తప్పు కాదని చెప్పడానికి వెళ్తున్నాను, ఇంకొకరి తప్పు చూపించడానికి కాదు.

నువ్వు ఇవ్వకపోతే విశాఖపట్నం వెళ్ళి కొనుక్కుంటాను. నీ కొట్టు పేరు ఎత్తను. నువ్వు భయపడకు.

భాగ్యవతి


విజయనగరం,
నవంబరు 21.

ఒసే మొండిదానా,

వారం రోజులు నీ ఉత్తరం గల్లాపెట్టెలో పెట్టుకుని తిరిగాను. 'నువ్వు భయపడకు' అన్న మాట దగ్గర ప్రతిసారీ ఆగిపోయాను. చిన్నప్పుడు కుక్క వెంటపడితే నీ వెనక దాక్కున్నదాన్ని నేనే కదా, నీకన్నా నాలుగేళ్ళు పెద్దదాన్నై ఉండి.

పన్నెండు అడిగావు, ఇరవై పంపుతున్నాను. ఒక్కదాని పేరు కూడా చింపలేదు. పైగా ప్రతి ప్యాకెట్ మీదా నా కొట్టు ముద్ర కొట్టాను, ఫోన్ నంబరుతో సహా. రానివాళ్ళు రారు. వచ్చేవాళ్ళు ముందు తలుపులోంచి వస్తారు.

ప్యాకెట్ మీది పచ్చ చుక్క అందరికీ చూపించు, కార్తీకమాసంలో గుడ్డు ఉందని ఎవరూ వంక పెట్టకుండా. క్రీములో ఉల్లిపాయ వెయ్యకు. జనరేటర్ మీద ఓవెన్ వేడెక్కడానికి ఆలస్యమవుతుంది, అరగంట ముందే వెయ్యి. ఆ పట్టీలు చేతులకి కట్టుకునే వెళ్ళు.

దుర్గక్క


ఆమదాలవలస,
నవంబరు 29.

దుర్గక్కా,

అన్నీ వరసగా రాస్తాను. చేతికి పట్టీ ఉంది, నెమ్మదిగా రాస్తున్నాను, నెమ్మదిగా చదువు.

తోటలో ఉసిరిచెట్టు కింద పూజ, భోజనాలు అయ్యాయి. మూడింటికి బల్ల వేశారు. మా వదిన ముందే రెండు కేజీల మైదా, వెన్న, కొత్త అప్పడాల కర్ర పెట్టించింది. మైకులో నా గురించి పొగిడింది. నేను పట్టీలు కట్టుకున్న చేతులతో వెళ్ళి, మైదా పళ్ళెం పక్కకి జరిపి, నీ ప్యాకెట్లు వరసగా పేర్చాను. "ఏటే అవి?" అంది వదిన, మైకు ఆపకుండానే. రెండు వందలమందికీ వినబడింది.

నేను మైకు తీసుకున్నాను. "ఇది కొన్న పిండి. వరలక్ష్మీవ్రతం నాడు మీరు తిన్నవీ దీనితో చేసినవే. ఆరోజు నేను చెప్పకుండా ఊరుకున్నాను, అది నా తప్పు. కొనడం తప్పు కాదు. నా మణికట్లు పాడయ్యాయి. ఇంక నేను పిండి పిసకను. ఇది పిసక్కర్లేని పిండి, ఎలా చెయ్యాలో చూపిస్తాను, ఉండేవాళ్ళు ఉండండి" అన్నాను.

కొందరు లేచి సముద్రం వైపు వెళ్ళిపోయారు. వాళ్ళలో మా ఆయన కూడా ఉన్నారు. నేను కత్తి తీసుకుని కొయ్యడం మొదలుపెట్టాను. అప్పుడు ధనలక్ష్మి మామ్మగారని, డెబ్బై ఎనిమిదేళ్ళావిడ, కుర్చీ లాక్కుని బల్ల దగ్గరికి వచ్చింది. ఆవిడ వేళ్ళన్నీ అల్లం కొమ్ముల్లా వంకర్లు తిరిగి ఉన్నాయి. ఓవెన్లోంచి తీసిన మొదటి పఫ్ రెండు చేతుల మధ్య పెట్టుకుని తింది. తిని, చుట్టూ ఉన్న ఆడవాళ్ళ మీద కేకలేసింది: "కొనుక్కోవచ్చని నాకెవులూ సెప్పలేదేటే? నా సేతులు ఇలాగయ్యేదాకా ఏటి సేసినారే మీరంతా?" ఆవిడ కోడలు ముఖం తిప్పుకుని ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది, కానీ రెండో ట్రే మాడిపోతుందని ఓవెన్ వైపు తిరిగాను.

ఇరవై ప్యాకెట్లూ అయిపోయాయి. పదకొండుమంది నీ నంబరు రాసుకున్నారు, నలుగురు ఎదురుగానే రాసుకున్నారు, మిగతావాళ్ళు నా చెవిలో అడిగారు.

అసలు యుద్ధం ఇంట్లో జరిగింది. నాలుగు రోజులు మా ఆయన నాతో మాట్లాడలేదు. నిన్న పొద్దున్న మా వదిన శ్రీకాకుళం నుంచి ఆటోలో పది కేజీల తడిపిండి మర పట్టించి పంపింది, భరణి సీమంతానికి అరిసెలు చెయ్యమని. తోటలో ఏమీ జరగనట్టే పంపింది. బెల్లం, నువ్వులు, నెయ్యి కూడా ఉన్నాయి. తడిపిండి సంగతి నీకు తెలుసుగా, ఆరోజే పాకం పట్టకపోతే పాడైపోతుంది. ఆ పాకంలో పిండి పోసి తిప్పడానికి ఎంత బలం కావాలో కూడా తెలుసు.

నేను గిన్నె మీద గుడ్డ కప్పి వదిలేశాను.

సాయంత్రం నాలుగింటికి వదిన ఖాళీ డబ్బాలతో వచ్చింది. గుడ్డ తీసి చూసింది. "ముట్టనేదా?" అంది.

"లేదు వదినా. ముట్టను కూడా. ఆ రోజు తోటలో చెప్పాను కదా."

"ఒసే, నలుగుర్లో ఏదో అన్నావు, సరే. ఇది మన ఇంటి పని. నువ్వు కాకపోతే ఎవులు సేస్తారు?"

"ఎవరు చేస్తారో నాకు తెలీదు. ఈ చేతులు నాకు కావాలి వదినా. అన్నం కలుపుకోవాలి, జడ వేసుకోవాలి, అక్కకి ఉత్తరం రాసుకోవాలి."

ఆవిడ మెట్లమీంచి కొట్లోకి కేకేసింది. "ఒరే ఉమా, నువ్వయినా సెప్పరా!" మా ఆయన పైకొచ్చారు. పిండినీ, నన్నూ, నా పట్టీలనీ చూశారు. నాలుగు రోజుల తర్వాత నాతో మొదటి మాట అన్నారు: "ఇప్పుడేటి సేద్దామే?"

"మీ చేతులు బాగానే ఉన్నాయి కదండీ" అన్నాను.

వెటకారానికి అనలేదక్కా. నిజంగానే అడిగాను. ఆయన తన చేతులు రెండూ తిప్పి చూసుకున్నారు. పిండి గిన్నె వైపు ఒక అడుగు వేశారు కూడా. వదిన, "మగోడివి నువ్వేటి సేస్తావురా, సిగ్గునేదా?" అనేసరికి ఆగిపోయారు. ఆవిడా చెయ్యి పెట్టలేదు, ఆయనా పెట్టలేదు. నాకు ఆకలేసింది. లోపలికెళ్ళి అన్నం పెట్టుకుని తిన్నాను. చెయ్యి కడుక్కుని వచ్చేసరికి ఇద్దరూ ఇంకా గిన్నెకి చెరోవైపు నిలబడే ఉన్నారు.

ఈ పొద్దున లేచేసరికి పిండి పులిసింది. ఇల్లంతా వాసన. ఈ ఇంట్లో తడిపిండి పులియడం ఇదే మొదటిసారని మా అత్తగారు పొద్దున్నించీ అంటూనే ఉన్నారు. అవును, ఇదే మొదటిసారి. నేను కాఫీ పెట్టుకుని తాగాను.

నీ చెల్లెలు,
భాగ్యవతి